వెనక సీటు: గుర్రం నుంచి మోటారు బండి దాకా

మా అమ్మ ఎడమ మోచేతి మీద అరచెయ్యంత మచ్చ ఒకటుంది. 1998లో నాన్న స్కూటరు మీద హన్మకొండ నుంచి కాజీపేట వెళ్తున్నప్పుడు ఒక స్పీడ్ బ్రేకర్ దగ్గర వెనక సీటు మీంచి కింద పడింది. ఒళ్ళో మూడేళ్ళ తమ్ముడు. వాడికి గీత కూడా పడలేదు, అమ్మ వాణ్ణి గుండెకి అదుముకుని తను మోచేతి మీద పడింది కాబట్టి. ఆసుపత్రి వాళ్ళు రాసిచ్చిన చీటీ చాలా ఏళ్ళు మా ఇంట్లో పాత ఫైల్లో ఉండేది. 'స్కూటరు మీంచి జారి పడుట' అని అందులో ఒక ముక్క. ఇంటికొచ్చిన చుట్టాలందరికీ కూడా అదే మాట చెప్పాం. జారి పడింది. నిద్ర తూగిందేమో, కొంగు సర్దుకుంటోందేమో, పిల్లాణ్ణి చూస్తూ ధ్యాస మరిచిందేమో అని తలా ఒక కారణం కలిపారు. నేనూ అదే నమ్మాను.

ఆ చీటీ నాకు మళ్ళీ గుర్తుకు రావటానికి కారణం రుద్రమదేవి. గుర్రమెక్కిన స్త్రీల గురించి చరిత్రలో, సాహిత్యంలో ఉన్న ప్రస్తావనలు పోగు చేస్తూ, అసలు గుర్రం ఎక్కటం ఎంత ప్రమాదమో తెలుసుకుందామని వైద్యుల వ్యాసాలు కొన్ని చదివాను. 1991లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో సిల్వర్, లాయిడ్ ప్యారీ అనే ఇద్దరు రాసిన వ్యాసంలో ఒక లెక్క ఉంది. మోటారు సైకిలు నడిపేవాళ్ళకి సుమారు ఏడు వేల గంటలకి ఒకసారి తీవ్రమైన ప్రమాదం జరుగుతుందట. గుర్రపు స్వారీ చేసేవాళ్ళకి 350 గంటలకే ఒకసారి. అంటే గంటల లెక్కన గుర్రం, బండి కంటే ఇరవై రెట్లు ప్రమాదకరం.

ఈ అంకె విన్న మగవాళ్ళు ఎవరూ నమ్మలేదు. మా బంధువొకాయన అయితే 'గుర్రానికి ఇంజనుందా, పెట్రోలుందా' అని నవ్వేశాడు. 2009లో డేవిడ్ నట్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త కూడా ఇలాంటి అంకెనే వాడుకున్నాడు. గుర్రపు స్వారీలో సుమారు 350 సార్లకి ఒకసారి తీవ్రమైన హాని జరుగుతోంది, ఒక నిషేధిత మత్తుమందు వల్ల జరిగే హాని అంతకంటే చాలా తక్కువ, మరి దేన్ని నిషేధించాలి అని ఒక వ్యాసంలో అడిగాడు. మంత్రులకి కోపమొచ్చింది. అదే ఏడాది అక్టోబరులో, మత్తుమందుల విషయంలో తన అభిప్రాయాలు బాహాటంగా చెబుతున్నందుకు, ఆయన్ని ప్రభుత్వ సలహా సంఘం అధ్యక్ష పదవి నుంచి తీసేశారు. ప్రమాదాన్ని లెక్కపెట్టటం అమాయకమైన పని కాదని అప్పుడే అనిపించింది నాకు. ఏ ప్రమాదం మర్యాదస్తుల ప్రమాదం, ఏది కానిది అనేది లెక్కకంటే ముందే తేలిపోయి ఉంటుంది.

సరే, ఆ అంకెలతో కాసేపు ఆడుకున్నాను. రోజుకొక గంట చొప్పున గుర్రమెక్కితే ఏడాది తిరక్కుండానే 350 గంటలు పూర్తవుతాయి. రోజుకొక గంట బండి మీద తిరిగితే ఏడు వేల గంటలు కావటానికి పందొమ్మిదేళ్ళు పడుతుంది. అమ్మకి పెళ్ళయింది 1987లో, పడింది 1998లో. ఆ లెక్క ప్రకారం ఇంకా ఎనిమిదేళ్ళు టైముంది ఆమెకి! దూరం లెక్కన చూస్తే తేడా మరీ పెరుగుతుంది. గుర్రం గంటకి పది కిలోమీటర్లు, బండి నలభై అనుకుంటే, గుర్రం 3,500 కిలోమీటర్లకి చేసే హాని బండి 2,80,000 కిలోమీటర్లకి చేస్తుంది.

అయితే ఇవి బ్రిటన్ రోడ్ల అంకెలు. అక్కడి మోటారు సైకిలు చాలావరకు ఒక్క మనిషి వాహనం. అక్కడ గుర్రమెక్కేవాళ్ళలో ఎక్కువమంది ఆడపిల్లలూ ఆడవాళ్ళే, కళ్ళెం వాళ్ళ చేతుల్లోనే ఉంటుంది. మన దగ్గర బండి అంటే ఒక కుటుంబం. ముందు ట్యాంకు మీద పెద్దపిల్ల, మధ్యలో నాన్న, వెనకాల ఒళ్ళో చంటివాడితో అమ్మ. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే అందులో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్ళేనని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెప్పింది. అంటే నూటికి నలభై నాలుగుకి పైనే. ఇన్ని చావులున్నా మనకి బండి భయం లేదు, గుర్రమంటేనే భయం. రోజూ చూసేదాన్ని చూసి ఎవరు భయపడతారు?

రెండింటి ప్రమాదమూ ఒక జాతిది కాదు. గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకి గురయ్యే జంతువు. ఎగిరే కాగితం ముక్కకి, చప్పుడుకి బెదురుతుంది. నాలుగైదు వందల కిలోల బరువు. ఎక్కినవాళ్ళ తల నేలకి ఎనిమిదడుగుల ఎత్తున ఉంటుంది. పడితే ఆ ఎత్తు నుంచి పడాలి, పడ్డాక అది తన్నవచ్చు, మీద పడవచ్చు. 1210లో లాహోరులో చౌగాను ఆడుతూ కుతుబుద్దీన్ ఐబక్ పోయింది అలాగే. గుర్రం కూలి మీద పడింది, జీను మొన ఛాతీలో దిగబడింది. కానీ గుర్రానికి తన ప్రాణమంటే తీపి. ఎదురుగా గోడ కనిపిస్తే ఆగుతుంది, గుంట ఉంటే తప్పుకుంటుంది. బండికి బెదురు లేదు, అంచేత ఆగటమూ తెలియదు. దానికి వేగం ఒక్కటే, మిగతాదంతా నడిపేవాడి బుద్ధి, ఎదురొచ్చేవాడి బుద్ధి. అరేబియా లారెన్స్‌గా పేరుపడ్డ టి.ఇ. లారెన్స్ 1935లో మోటారు సైకిలు మీంచి పడి ఆరు రోజులకి చనిపోయాడు. ఆయనకి వైద్యం చేసినవాళ్ళలో ఒకడైన హ్యూ కెయిన్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు ఆ తర్వాత బండ్ల మీంచి పడ్డవాళ్ళ తల గాయాలు పరిశీలించి, హెల్మెట్ అవసరం గురించి 1941లో రాశాడు. బ్రిటన్‌లో హెల్మెట్ చట్టం రావటానికి ఆ తర్వాత మరో ముప్ఫై ఏళ్ళు పైనే పట్టింది, 1973 దాకా.

ఐబక్, లారెన్స్... ఇక్కడిదాకా వచ్చాక నాకు తట్టింది. ఈ చరిత్రలో పడ్డవాళ్ళందరూ నడుపుతూ పడ్డవాళ్ళు. ఏడు వేల గంటల లెక్క కూడా నడిపేవాళ్ళదే. వెనక కూర్చున్న ఆవిడ గంటలు ఎవరి ఖాతాలో రాశారు?

వెనక సీటుని ఇంగ్లీషులో పిలియన్ అంటారు. మన మోటారు వాహనాల నిబంధనల్లో ఉన్నదీ ఆ మాటే. ఈ మాట మోటారు సైకిలుతో పుట్టలేదు. గుర్రంతో పుట్టింది. గుర్రమెక్కిన మగవాడి జీను వెనకాల ఆడమనిషిని కూర్చోబెట్టటానికి వేసే మెత్తకి పిలియన్ అని పేరు. పదహారో శతాబ్దం నాటికే వాడుకలో ఉంది. గేలిక్ భాష నుంచి వచ్చిందట, దాని మూలం లాటిన్‌లో తోలు అనే అర్థమున్న మాట. ఆ మెత్త మీద ఆమె పక్కకి తిరిగి కూర్చుని, ముందున్న మగవాడి నడుం పట్టుకునేది. గుర్రాలు పోయాయి, మెత్త పోయింది, పేరు మిగిలింది, కూర్చునే తీరు మిగిలింది. ఐరోపా మెత్తకీ మా అమ్మ కూర్చున్న సీటుకీ మధ్య నాలుగు వందల ఏళ్ళూ ఒక సముద్రమూ ఉన్నాయి. చీర కట్టుకున్నందుకు మనవాళ్ళు పక్కకి కూర్చుంటారు, గౌను తొడుక్కున్నందుకు వాళ్ళు కూర్చున్నారు అనుకుని సరిపెట్టుకోవచ్చు. కానీ చీర కట్టుకుని పొలంలో నాట్లేసేవాళ్ళు, తాటిచెట్టంత ఎత్తున ఇటుకలు మోసేవాళ్ళు చీరని ఎలా కావాలంటే అలా కట్టుకుంటారు. గోచీ పెట్టి కట్టటం మన ముసలమ్మలకి తెలిసిందే. సమస్య చీరది కాదు, కాళ్ళది. రెండు కాళ్ళూ చెరోపక్క వేసి కూర్చోవటం ఆడమనిషికి తగదన్న మాటది.

ఐరోపాలో గొప్పింటి స్త్రీలు సొంతంగా గుర్రమెక్కటం మొదలుపెట్టినప్పుడు కూడా పక్కకి కూర్చునే జీనే చేశారు. మొదట్లో అది దాదాపు కుర్చీ. కాళ్ళకింద ఒక చెక్క, కళ్ళెం ముందు నడిచే నౌకరు చేతిలో. ఆమె చేతికి కళ్ళెం రావాలంటే ముఖం ముందుకి తిరగాలి. దానికోసం జీనుకి ఒక కొమ్ము పెట్టి కుడికాలు దాని మీదుగా వేయించారు. 1830ల్లో రెండో కొమ్ము వచ్చాక పట్టు గట్టిపడింది, ఆ జీను మీద కంచెలు దూకారు, వేటకి వెళ్ళారు. వాళ్ళ నేర్పు చిన్నదేమీ కాదు. కానీ గుర్రం కూలినప్పుడు కొమ్ముల మధ్య ఇరుక్కున్న కాలు త్వరగా ఊడి రాదు. అంతకంటే ఘోరం పొడుగు గౌను. పడినామె కింద, గౌను పైన కొమ్ముకి తగులుకుని, బెదిరిన గుర్రం ఆమెని ఈడ్చుకుపోయేది. దానికి ఏం చేశారు? పంతొమ్మిదో శతాబ్దం చివర్లో 'భద్రతా గౌను' అని ఒకటి తయారుచేశారు. పడితే గుండీలు ఊడిపోయి గౌను జీను మీదే ఉండిపోయే ఏర్పాటు. కాళ్ళు చెరోపక్క వేస్తే సరిపోయేదానికి ఒక కొత్త వస్త్రశాస్త్రమే పుట్టింది. చెరోపక్క వేస్తే గర్భసంచికి చేటని చెప్పిన వైద్యులూ ఉన్నారు అప్పట్లో.

మన చీరగార్డు ఆ భద్రతా గౌనుకి చెల్లెలు. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది, ప్రతి మోటారు సైకిలుకీ వెనక కూర్చున్నవాళ్ళు పట్టుకోవటానికి పిడి, కాలు పెట్టుకోవటానికి ఆధారం, బట్టలు చక్రంలో పడకుండా వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే ఏర్పాటు తయారీలోనే ఉండాలంటుంది. మంచి నిబంధనే, ఎన్నో ప్రాణాలు కాపాడి ఉంటుంది. కుర్రాళ్ళు బండి కొన్న వారానికే అందం చెడిందని దాన్ని పీకించేయటం కూడా చూస్తుంటాం. ఇక 1988 చట్టం 128వ సెక్షను వెనక ఒక్కరినే ఎక్కించుకోవాలి, బిగించిన సీటు మీదే కూర్చోబెట్టాలి అంటుంది. ఎటు తిరిగి కూర్చోవాలన్న మాట అందులో లేదు. చట్టానికి బట్టలు కనిపించాయి, మనిషి కూర్చున్న తీరు కనిపించలేదు.

పక్కకి కూర్చున్నప్పుడు ఏం జరుగుతుందో, ఒకసారి కూర్చుని గమనించండి. బరువంతా ఒకవైపు. మోకాళ్ళతో సీటుని బిగించి పట్టే వీలు లేదు. ఒక కాలికే ఆధారం, రెండోది గాల్లో. ముఖం రోడ్డు పక్కకి, కాబట్టి ముందున్న గుంట కనిపించదు, నడిపేవాడికి కనిపించిందో లేదో కూడా తెలియదు. బ్రేకు పడితే అతనికి హ్యాండిలుంది, ఈమెకి అతని భుజముంది. అదీ, ఆ భుజం మీద చెయ్యి వేయగలిగిన సంబంధమైతేనే. మరిదో, బావగారో, తోటి ఉద్యోగో నడుపుతుంటే చెయ్యి సీటు చివర ఇనప కడ్డీ మీదకి పోతుంది. ఇది చేతికి సంబంధించిన విషయమా, మర్యాదకి సంబంధించినదా? ఇక చున్నీ. 1927లో నీస్ నగరంలో నాట్యకారిణి ఇసడోరా డంకన్ మెడలోని పొడుగాటి శాలువా కారు చక్రంలో చుట్టుకుని ఆమె ప్రాణం తీసింది. ప్రపంచమంతా దాన్ని ఒక విచిత్ర మరణంగా చెప్పుకుంది. మన దేశంలో బండి చక్రాల్లో చున్నీ చుట్టుకుని మెడ నరాలు, గొంతు దెబ్బతిన్న అమ్మాయిల గురించి వైద్య పత్రికల్లో నివేదికలు వస్తూనే ఉన్నాయి, వాటిలో విచిత్రమేమీ లేదు.

హెల్మెట్ సంగతి సరేసరి. ఢిల్లీలో 2014 దాకా వెనక కూర్చున్న స్త్రీలకి హెల్మెట్ తప్పనిసరి కాదు. మినహాయింపుకి మతం ఒక కారణం, అది సిక్కు స్త్రీలకి వర్తిస్తుంది. మిగతా ఆడవాళ్ళందరికీ కూడా తల ఉందని గుర్తించటానికి అంతకాలం పట్టింది. 2022లో హెల్మెట్ లేక చనిపోయినవాళ్ళు 50,029 మంది అని అదే నివేదిక. అందులో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్ళు. వీళ్ళలో మగవాళ్ళూ ఉన్నారు, నిజమే. కానీ ఒక్క హెల్మెట్ ఉన్న ఇంట్లో అది ఎవరి నెత్తి మీద ఉంటుందో మనకి తెలియనిది కాదు.

ఇప్పుడు రుద్రమ దగ్గరికి వస్తాను. వరంగల్లో పుట్టి పెరిగినవాళ్ళకి ఆమె గుర్రం మీదే పరిచయం. క్యాలెండర్ల మీద, బడి నాటకాల్లో, 2015లో వచ్చిన సినిమా పోస్టర్ల మీద. నిజానికి కోటలో స్వయంభూ ఆలయ శిథిలాల్లో చరిత్రకారులు రుద్రమగా గుర్తించిన శిల్పంలో ఆమె సింహం మీద ఉంటుంది. గుర్రం మీది రుద్రమ శిల్పం అంటూ 2017లో పురావస్తు శాఖ వాళ్ళు వరంగల్ దగ్గర బొల్లికుంటలో రెండు శిల్పాలని గుర్తించారు. ఒకదాంట్లో ఛత్రం కింద గుర్రమెక్కిన రాణి. రెండోదాంట్లో గుర్రం లేదు, ఛత్రం లేదు. అలసిపోయి ఎడమచేతి మీదకి తల వాల్చిన మనిషి, పక్కన యముడి దున్నపోతు. ఆమె మరణాన్ని చూపే శిల్పమని వాళ్ళ అభిప్రాయం. నల్లగొండ జిల్లా చందుపట్లలో 1289 నవంబరు నాటి శాసనం ఒకటుంది. కాకతి రుద్రదేవుడూ సేనాని మల్లికార్జున నాయకుడూ శివసాయుజ్యం పొందగా వాళ్ళ పుణ్యం కోసం భూమి దానమిచ్చినట్టు పువ్వుల ముమ్మడి అనే అతను వేయించాడు. రాణీ సేనానీ ఇద్దరి పేర్లూ కలిపి ఉండటాన్ని బట్టి, కాయస్థ అంబదేవుడితో జరిగిన యుద్ధంలో ఆమె చనిపోయి ఉంటుందని చరిత్రకారులు ఊహించారు.

నన్ను ఆపింది శాసనంలోని పేరు. రుద్రదేవుడు. చనిపోయాక కూడా పుంలింగమే. తండ్రి గణపతిదేవుడు ఆమెని కొడుకుగా పెంచి సింహాసనమెక్కించాడు కాబట్టి మగపేరు, మగవేషం వచ్చాయి. ఆమె గుర్రం మీద పక్కకి కూర్చోలేదంటే అందుకు ఒక కారణం ఆమె లెక్కకి స్త్రీ కాకపోవటమే. ఆ తీరం వెంట వెళ్ళిన మార్కోపోలో ఆమె న్యాయబుద్ధిని మెచ్చుకుంటూనే, చనిపోయిన రాజుకి భార్య అనుకున్నాడు. రాజ్యమేలే స్త్రీకి ఎవరో ఒక మగవాడు ముందు ఉండి ఉండాలి, ఆమె అతని వెనకనుంచి వచ్చి ఉండాలి. ఇదీ పిలియనే కదా!

దక్కనీ చిత్రకారులు పదిహేడో శతాబ్దం చివరి నుంచి మళ్ళీ మళ్ళీ వేసిన బొమ్మ చాంద్ బీబీది. డేగని చేతి మీద పెట్టుకుని వేటకి వెళ్తుంటుంది, కాళ్ళు చెరోపక్కనే. ఆ పక్కకి కూర్చోవటం అన్ని కాలాల్లోనూ అన్నిచోట్లా మన సంప్రదాయం అనేవాళ్ళు ఆ బొమ్మలు చూడాలి. రుద్రమ పాలనకి పాతికేళ్ళ ముందు ఢిల్లీలో రజియా ఉంది. 1236లో సుల్తాను అయింది, 1240 దాటి బతకలేదు. మగవాళ్ళలా విల్లంబులు తగిలించుకుని, ముసుగు లేకుండా గుర్రమెక్కేదని ఇబ్న్ బతూతా రాశాడు. ఆమె గుర్రపుశాలల అధికారి యాకూత్ అనే హబ్షీ. అతనికి ఆ పదవి ఇచ్చినందుకు తురుష్క సర్దారులకి మంట. కొన్ని శతాబ్దాల తర్వాత రాసిన ఫిరిష్తా దగ్గరికొచ్చేసరికి అది ఇంకో కథ అయింది. ఆమెని గుర్రం ఎక్కించేటప్పుడు అతను చంకల కింద చేతులు పెట్టి లేపేవాడట! రజియా గుర్రం మీంచి పడలేదు. కానీ గుర్రమెక్కటం వల్ల ఆమెకి జరిగిన ప్రమాదం ఇదీ. దీన్ని గంటల్లో కొలిచే పద్ధతి ఏ వైద్య పత్రికలోనూ లేదు.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. మన అశ్వశాస్త్రాల్లో గుర్రం ఒంటి మీద సుడులు లెక్కపెట్టే భాగం ఉంటుంది. ఎక్కడ సుడి ఉంటే యజమానికి శుభం, ఎక్కడ ఉంటే నాశనం అని. మా నాయనమ్మ పెళ్ళిచూపుల్లో కూడా సుడులు చూశారట, నుదుటి మీద సుడి ఉందేమోనని. యజమానికి ప్రమాదం తెచ్చేది ఏదో ముందే కనిపెట్టాలి కదా. గుర్రానికీ పెళ్ళికూతురికీ వచ్చే ప్రమాదం గురించి ఎవరూ శాస్త్రం రాయలేదు. పెళ్ళి బారాత్‌లో గుర్రమెక్కేది ఇప్పటికీ పెళ్ళికొడుకే, ఎక్కటం వచ్చినా రాకపోయినా.

గుర్రం పోయి స్కూటరు వచ్చినప్పుడు గుర్రం పేరు స్కూటరుకి అతుక్కుంది. 1972లో బజాజ్ వాళ్ళు పెట్టిన చేతక్ అనే పేరు రాణా ప్రతాప్ గుర్రానిది. కొన్నది గుమాస్తాలూ టీచర్లూ అయినా పేరులో యుద్ధముంది. విచిత్రమేమిటంటే ఆ స్కూటరుకి మూలమైన వెస్పాని 1946లో ఇటలీలో, గౌను వేసుకున్నవాళ్ళు కూడా కాళ్ళు ఎత్తకుండా ఎక్కగలిగేలా ముందుభాగం ఖాళీగా ఉంచి తయారుచేశారు. అంటే స్త్రీ నడపటానికి వీలైన బండి మన వీధుల్లోకి ఎప్పుడో వచ్చింది, దాన్ని చేతక్ చేసి మగవాడు ముందు కూర్చున్నాడు. ఆడవాళ్ళు నడిపే బండి అని పేరుపెట్టి వేరే చిన్న బండ్లు రావలసి వచ్చింది. 1972లోనే లూనా, 1984లో గేర్లు మార్చక్కర్లేని కైనెటిక్ హోండా, 1990ల్లో స్కూటీ. మా కాలేజీ రోజుల్లో వరంగల్ అమ్మాయిలకి స్కూటీ ఎంతటిదో చెప్పాలంటే అదొక పెద్ద వ్యాసమవుతుంది. బస్సు కోసం చూడక్కర్లేదు, అన్న కోసం ఆగక్కర్లేదు, లైబ్రరీ మూసేదాకా కూర్చోవచ్చు. నా పరిశోధన మొదలైంది స్కూటీ మీదేనని ఇప్పటికీ అనుకుంటాను.

2008 డిసెంబరు 10న మా ఊళ్ళో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినులు కాలేజీ నుంచి బండి మీద ఇంటికొస్తుంటే, మోటారు సైకిలు మీద వచ్చిన యువకులు వాళ్ళ మీద ఆసిడ్ పోశారు. కొద్ది రోజులకే పట్టుబడిన ముగ్గురూ పోలీసుల కాల్పుల్లో చనిపోయారు. చాలామంది సంబరపడ్డారు. నెలాఖరుకి ఆ ఇద్దరమ్మాయిల్లో ఒకమ్మాయి చనిపోయింది. విచారణ లేని ఆ శిక్ష గురించి స్త్రీవాదులు అప్పుడే అడగవలసినవి అడిగారు, తిట్లూ తిన్నారు. నేను అప్పటికి డిగ్రీ చదువుతున్నాను. నాకు గుర్తున్నది ఇంకొకటి. ఆ వారంలో మా వీధిలో స్కూటీలన్నీ ఇళ్ళలోకి వెళ్ళిపోయాయి. నా బండి తాళం నాన్న జేబులోకి పోయింది. మళ్ళీ నా చేతికి రావటానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆ పద్నాలుగు నెలలూ కాలేజీకి నన్ను దింపింది నాన్నో, అప్పుడే బండి నేర్చుకుంటున్న, లైసెన్సుకి ఇంకా వయసు రాని మా తమ్ముడో. నేను వెనక సీటు మీద, పక్కకి తిరిగి, హెల్మెట్ లేకుండా. ఇదంతా నా భద్రత కోసం.

ఆసిడ్ ముప్పు కల్పన కాదు, నాన్న భయం అబద్ధమూ కాదు. కానీ ఒక ప్రమాదం నుంచి తప్పించటానికి నన్ను ఇంకో ప్రమాదంలో కూర్చోబెట్టారన్న సంగతి మాలో ఎవరికీ తట్టలేదు, నాకు కూడా. రెండోది ఆడమనిషి మామూలుగా కూర్చునే చోటు కాబట్టి ప్రమాదంగా కనిపించలేదు. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర పశువైద్యురాలి హత్య జరిగినప్పుడు మళ్ళీ అదే చూశాను. ఆమె స్కూటీ టైరులో నిందితులే గాలి తీశారని పోలీసులు చెప్పారు. వాళ్ళ నలుగురినీ డిసెంబరు 6న కాల్చి చంపారు, ఆ కాల్పులు కావాలని చేసినవేనని సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో తేల్చింది. మధ్యలో ఆ పది రోజులూ మా సహోద్యోగుల ఫోన్లనిండా ఒకటే సలహా: రాత్రిపూట బండి మీద ఒంటరిగా వెళ్ళొద్దు, ఎవరినైనా దింపమనండి. దింపేవాడు ఎంత వేగంగా నడుపుతాడు, తాగి ఉంటాడా అన్నది ఆ సలహాల్లో లేదు.

1916లో అమెరికా ఖండాన్ని ఒక చివర నుంచి ఇంకో చివర దాకా మోటారు సైకిళ్ళ మీద దాటిన వాన్ బ్యూరెన్ అక్కచెల్లెళ్ళని దారిలో పోలీసులు ఆపింది వేగంగా నడిపినందుకు కాదు, మగవాళ్ళ ప్యాంట్లు తొడుక్కున్నందుకు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో గుర్రపు పోటీల్లో రజతం గెలిచిన డెన్మార్క్ స్త్రీ లిస్ హార్టెల్‌కి పోలియో వల్ల మోకాళ్ళ కింద కాళ్ళు పనిచేయవు. ఆ క్రీడలో స్త్రీలని రానిచ్చింది కూడా ఆ ఏడాదే. గుర్రం మీద ఆమెకి ప్రమాదం లేదని కాదు. చాలా ఉంది. కానీ కళ్ళెం ఆమె చేతిలో ఉంది, ఎంత ప్రమాదం తీసుకోవాలో ఆమె తేల్చుకుంది. 350 గంటల అంకెని నేను ఇప్పుడు చదివేది ఇలాగే. అది కళ్ళెం పట్టుకున్నవాళ్ళ లెక్క.

గుర్రం మీంచి రౌతు పడితే తెలుగులో 'గుర్రం పడేసింది' అంటాం. తప్పు గుర్రానిది. బండి నడిపేవాడు పడితే 'బండి స్కిడ్ అయింది' అంటాం. తప్పు రోడ్డుది, ఇసకది. వెనక కూర్చున్న ఆడమనిషి పడితే మాత్రం 'జారి పడింది'. కర్త ఆమె.

ఈ వ్యాసం సగం రాశాక అమ్మని అడిగాను, ఆ రోజు ఎలా జారావని. పెసరపప్పు ఏరుతోంది. చేట పక్కన పెట్టింది.

'నేను జారలే బిడ్డా. మీ నాయిన బండి నెమ్మది చేయలే. నా దిక్కు చూసి ఏందో చెప్పుకుంట పోతుండె, దిమ్మె చూసుకోలే.'

మరి అప్పుడే ఎందుకు చెప్పలేదన్నాను.

'ఎవరడిగిండ్రు? ఒక చేతుల తమ్ముడుండె, ఒక చేతుల మీ అత్తమ్మ కోసం కూర గిన్నె ఉండె. దేంతోని పట్టుకోవాలె?'

కూర గిన్నె సంగతి నాకు ఇన్నేళ్ళలో తెలియదు. ఏ కూర అని అడిగాను. బీరకాయ అంది, మళ్ళీ చేట దగ్గరికి లాక్కుని.